కారుచౌడు దారి

సెప్టెంబరు 3

ఈరోజు చౌడు అంచుకి దిగాం. గొర్రెలూ మేకలూ కలిపి నాలుగు వందల పన్నెండు. దారిలో ఒక్కటీ తప్పలేదు. కొండ దిగుతుండగానే వాటికి వాసన తగిలింది. ఇక కుక్కతో పని లేకపోయింది. మోకాళ్ల మీద పడి తెల్లగడ్డల్ని నాకుతూనే ఉన్నాయి. ఈ చౌడు కడుపులో పడకపోతే అవి కొవ్వు పట్టవు, కొవ్వు పట్టనిది వచ్చే వసంతం చూడదు.

గొంబో గుర్రాల మందతో పడమటి కొండల అవతల ఉన్నాడు. నా కొడుకైనా మొదటి మంచు పడేదాకా రాడు. ఇక్కడ నేనూ, కోడలు సొలొంగో. పొరుగున హొర్లో గుడారం ఒక్కటే.

సొలొంగోకి ఎనిమిదో నెల. దుల్మా డాక్టరు ఆగస్టులో చెప్పింది: రక్తపోటు కాస్త ఎక్కువుంది, ఉప్పు మానిపించండి, ప్రతి వారం తీసుకురండి. ఉప్పు డబ్బా నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. మాంసం చప్పగా ఉడికించాను. ఒక్క గింజ పడనివ్వలేదు. టీ ఎప్పటిలాగే చిటికెడు చౌడు వేసి కాచాను. అది లేకపోతే ఇటుకలా గట్టిగా అచ్చుపోసిన మా టీ ఆకుకి రంగు దిగదు.

ప్రతి వారం అన్నది మాత్రం ఈ వారం కుదరదు. ఆసుపత్రి, పళ్లెంలా పరుచుకున్న ఈ చౌడు నేలకి అవతలి ఒడ్డున ఉంది. ఎండి ఉన్నప్పుడు బండి మీద పూట ప్రయాణం. మంద పని కాగానే వెళ్తాం.

సెప్టెంబరు 5

హొర్లో వచ్చింది. నలభై ఏళ్ల కిందట నా క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని ఎంత మాట్లాడేదో ఇప్పుడూ అంతే మాట్లాడుతుంది.

"టీచరమ్మా, మీ కోడలి బూట్లు నాకిచ్చేయండి. ఆ కాళ్లకి ఇక అవి పట్టవు."

"కాస్త నీరు. దిగిపోతుంది," అన్నాను.

సొలొంగో నవ్వి, పుట్టబోయే బిడ్డకి పేరు వెతుకుతున్నామని ఏదో అనబోయింది. హొర్లో గభాలున ఆమె నోరు మూసింది. "ఎవరి గురించమ్మాయ్? ఇక్కడెవరూ లేరు. ఎవరూ రావడం లేదు." అంటూ పొగగొట్టం వైపు చూసి గట్టిగా మరోసారి చెప్పింది, పైనెవరో వింటున్నట్టు.

"బడిలో సైన్సుకి నీకెన్ని మార్కులు వేశానో గుర్తుందా?" అని అడిగాను.

"అయిదుకి మూడు. అవీ జాలిపడి వేశారు. కానీ నా పెద్దాడికి 'మనిషి కాదు' అని పేరు పెట్టాను చూడండి, హూన్‌బిష్ అని. ఇప్పుడు వంద కిలోలున్నాడు, లారీ తోలుతున్నాడు. దెయ్యాలు ఇప్పటికీ వాణ్ణి మనిషనుకోవడం లేదు. వాడి పెళ్లామూ అనుకోవడం లేదు."

సొలొంగో ఇంతగా నవ్వడం రెండేళ్లలో ఇదే మొదటిసారి. రెండేళ్ల కిందట దక్కని బిడ్డకి పేరు ముందే పెట్టాం. ఆ పేరు నేను ఇక్కడ రాయను.

సెప్టెంబరు 6

సొలొంగోకి తలనొప్పి. ఎండ వల్ల.

సెప్టెంబరు 7

ఎండ లేదు. తలనొప్పి ఉంది. గాలి వల్ల.

"అత్తయ్యా, రేపు ఆసుపత్రికి వెళ్దామా?" అంది. మంద ఇంకా సగం కూడా నాకలేదనీ, ఇప్పుడు వదిలిపెట్టి వెళ్తే తోడేళ్లకి అప్పజెప్పినట్టేననీ, నాలుగు రోజులు ఆగమనీ చెప్పాను. తలూపింది. ఆమె ఎప్పుడూ తలూపుతుంది.

నిద్రపట్టని మనిషికి వేడి టీ మంచిది. రెండు గిన్నెలు ఇచ్చాను. ఉప్పు ఒక్క గింజ లేదు.

సెప్టెంబరు 8

మధ్యాహ్నం నుంచి వాన. ఇంత ఎత్తున ఈ నెలలో ఇలాంటి వాన నేను చూడలేదు. మంచుగా మారితే బాగుండును. గడ్డకట్టిన చౌడు మీద ఏనుగైనా నడుస్తుంది.

సెప్టెంబరు 9

వాన ఆగలేదు. మంచుగా మారలేదు.

పొద్దున సొలొంగో పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది. బూట్లు మూడు రోజులుగా ఎక్కడం లేదని ఈరోజు చెప్పింది. నేను ముందే చూశాను. ముంగాలి మీద బొటనవేలితో నొక్కి తీశాను. గుంట పడింది. చూస్తూ కూర్చున్నాను. గుంట లేవలేదు.

బడి పిల్లల్ని పారలతో ఇక్కడికి తీసుకొచ్చి నేల పరీక్ష నేర్పింది ఈ వేలితోనే. మట్టిని నొక్కండి, గుంట నిలుస్తుందో లేస్తుందో చూడండి అనేదాన్ని.

"ఏమైందత్తయ్యా?"

"ఏం లేదు. చలికి."

"కళ్ల ముందు మిణుగురుల్లా తిరుగుతున్నాయి," అంది. "అందంగానే ఉన్నాయిలెండి."

నేను ఓవో గుట్ట ఎక్కాను. ఆ రాళ్లకుప్ప దగ్గర తప్ప ఫోను పలకదు. దుల్మా డాక్టరు దొరికింది. కాళ్లు, తలనొప్పి, మిణుగురులు అన్నీ చెప్పాను.

"ఇవాళే తీసుకురండి. రేపు అనొద్దు. మూర్ఛ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. నేను అంబులెన్సు వ్యాను పంపుతున్నాను, మీరు ఎదురు రండి. ఉప్పు మానిపించారా?"

"ఒక్క గింజ లేదు."

"టీలో చౌడు వేస్తున్నారా?"

సిగ్నల్ పోయింది.

సెప్టెంబరు 10, పొద్దున

సిగ్నల్ పోలేదు. ఫోను నేనే కట్టేశాను.

సోడియం. ఉప్పులో ఉన్నదీ అదే, చౌడులో ఉన్నదీ అదే. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత చదివించాను. ఉప్పు డబ్బాకి తాళం వేసిన మనిషిని, చౌడు సంచి పొయ్యి పక్కన మేకుకి తగిలించి ఉంచాను. అది మందు, అది నేల, అది మా అమ్మ వేసేది. దాన్ని ఉప్పని నేను ఏనాడూ అనుకోలేదు. సంచి బయట వానలో కుమ్మరించాను. ఇప్పుడు కుమ్మరిస్తే ఏమిటి?

సొలొంగోకి చెప్పలేదు.

సెప్టెంబరు 10, సాయంత్రం

మళ్లీ గుట్ట ఎక్కాను. ఈసారి వ్యాను డ్రైవరు మాట్లాడాడు. అవతలి ఒడ్డు దగ్గరే ఇరుసు దాకా దిగబడ్డాడట.

"నీళ్లు నిలిచిన చోట పోనిచ్చావా, పొడిగా ఉన్న చోటా?" అని అడిగాను.

"నీళ్లలోకి ఎవరు పోనిస్తారు టీచరమ్మ గారూ? పొడిగా తెల్లగా ఉన్న చోటే పోనిచ్చాను. లోపలికి మింగేసింది."

చుట్టూ తిరిగి వెళ్దామంటే దక్షిణం వాగు పొంగి ఉంది. హెలికాప్టరు ఈ మబ్బులో రాదట. ఆగితే గడ్డకడుతుందేమో. ఆగితే మూర్ఛ వస్తుందేమో.

ఒంటె వద్దు. దాని పాదం మెత్తటి పళ్లెం లాంటిది, తడి చౌడు మీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోతాయి. గుర్రం కుదుపు ఆమె తట్టుకోలేదు. హొర్లో దగ్గర హైనాగ్ ఎద్దు ఉంది. సగం జడలబర్రె రక్తం, వెడల్పు గిట్టలు, నిదానం. అడిగాను.

"నా ఎద్దుని అడగండి టీచరమ్మా," అంది. తర్వాత నా మొహం చూసి, "తెల్లవారగానే కడతాను. మందని మా ఆయన చూసుకుంటాడు," అంది.

నాకు తెలిసింది రాసుకుంటున్నాను, రేపు దారిలో మరిచిపోకూడదు కనుక. ఈ పళ్లెంలో చౌడు రెండు రకాలు. కారుచౌడు చదునుగా, పెంకుల్లా పగిలి ఉంటుంది. దాని బంకమట్టిని సోడా మెత్తగా విరిచి రంధ్రాలన్నీ పూడ్చేసింది కనుక వాన లోపలికి దిగదు. పైన వేలెడు మందం సబ్బులా జారుతుంది, ఆ కింద ఎండు ఇటుక. అందుకే దాని మీద నీళ్లు నిలబడతాయి. నేలలోని పాత గడ్డి సారం కరిగి ఆ నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. తెల్లచౌడు అలా కాదు. అడుగున ఊట ఉండి ఉప్పుని పైకి తోస్తూ పిండిలా పొంగిస్తుంది. ఎంత వాన పడినా తాగేసి, పొడిగా కనబడుతుంది. దానికి అడుగు లేదు.

అంటే నీళ్లున్న చోట నడవాలి, పొడి చోట నడవకూడదు.

ఇది నాకు తెలుసు. టీ సంగతి కూడా నాకు తెలుసు అనుకున్నాను.

సెప్టెంబరు 12

ఆసుపత్రి నడవా. నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. రాయకుండా కూర్చుంటే ఆ తలుపు వైపే చూస్తాను.

గుడారం పైకప్పు మీది మందపాటి ఉన్ని నమదాలు రెండు ఊడదీసి బండిలో పరిచాం. సొలొంగోని వాటి మీద ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాం. దారి క్షేమంగా సాగాలని హొర్లో మొగుడు బండి వెనక పాలు చిలకరించాడు. ఇలాంటివి నేను ఎప్పుడూ చేయలేదు, చేసేవాళ్లని క్లాసులో నిలబెట్టి నవ్వించేదాన్ని. నిన్న గరిటె అతని చేతిలోంచి తీసుకుని మిగిలిన పాలన్నీ నేనే చల్లాను. ఎవరూ నవ్వలేదు.

పొడుగాటి కప్పు వాసం ఒకటి పట్టుకుని నేను ముందు. వెనక హొర్లో, ఎద్దు. మొదట్లో దారి తేలికే. పెంకు నేల, దాని మీద చీలమండ దాకా నల్లటి నీళ్లు. వాసం పొడిస్తే ఠంగుమనేది. ఎద్దు జారుతూ, గుర్రుమంటూ, నడిచింది.

సగం పైన దాటాక నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. కుడి చేతి పక్కన తెల్లటి నేల, చక్కగా ఆరి, రొట్టెలా పొంగి ఉంది. అవతలి ఒడ్డు దాకా పరుచుకున్నట్టే కనబడింది. హొర్లో ఎద్దుని అటు తిప్పింది.

"ఆపు!" అన్నాను.

"ఆపేదేమిటి? పొడి నేల కళ్ల ముందుంది. మీరు చెరువులోకి తీసుకెళ్తున్నారు!"

"అది నేల కాదు."

"టీచరమ్మా, నేను మూడు మార్కుల దాన్నే, కానీ నాకు కళ్లున్నాయి. ఈ నీళ్ల కింద గొయ్యి ఉంటే? బండిలో పిల్ల ఉంది. మీకు రాసిపెట్టుందా ఇక్కడ గొయ్యి లేదని?"

రాసిపెట్టి లేదు. తెలుసు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఉప్పు ఒక్క గింజ లేదు అని కూడా ఇదే నాలుకతో అన్నాను.

బండిలోంచి సొలొంగో, కళ్లు మూసుకునే అంది: "అక్కా, అత్తయ్య చెప్పినట్టే పోనీ. అత్తయ్య ఊరికే చెప్పరు."

అంతవరకూ భయపడ్డది ఒక ఎత్తు, ఆ మాటతో పట్టిన భయం ఒక ఎత్తు.

వంగి నీళ్లలో చెయ్యి పెట్టి అడుగు మట్టి తీశాను. రెండు వేళ్ల మధ్య రుద్దాను. సబ్బు. జిగట లేదు, ఇసుక గరుకు లేదు, వేళ్లు ఒకదాని మీద ఒకటి జారిపోయాయి. తర్వాత వాసం చాపి, పొడిగా ఉన్న ఆ తెల్లనేల మీద మొన ఆనించి వదిలాను. నొక్కలేదు. దాని బరువుకి అదే దిగింది, నెమ్మదిగా, నా చెయ్యి దాకా.

హొర్లో చూసింది. ఎద్దుని నీళ్లలోకి తిప్పింది.

ఆ తర్వాత నేను వాసాన్ని నమ్మలేదు, కళ్లనీ నమ్మలేదు. వంగి వేళ్లతో మట్టి రుద్దుతూ నడిచాను. సబ్బయితే ముందుకి. గరుకు తగిలితే వెనక్కి, పక్కకి, మళ్లీ. చలికి వేళ్లు మొద్దుబారిపోతే మట్టిని చెంపకి రుద్దుకుని చూశాను. చెంప మొద్దుబారాక నాలుక మీద పెట్టుకున్నాను. కారుచౌడు నాలుకని కాలుస్తుంది, తెల్లచౌడు చేదుగా ఉంటుంది. వెనక నుంచి హొర్లో, "మీ టీచరుద్యోగం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది," అంది. నవ్వించడానికే అంది.

ఒడ్డు ముందు ఊట పట్టీ ఒకటి అడ్డం వచ్చింది. పక్కలకి ఎంత దూరం వెతికినా అదే. అవతల మునిగిన వ్యాను, డ్రైవరూ మరో ఇద్దరూ కేకలు వేస్తున్నారు. సొలొంగో కింద ఉన్న నమదాలు తీసి ఆ తెల్లనేల మీద ఒకదాని చివర ఒకటి పరిచాం. అవతలి నుంచి వాళ్లు వ్యాను తలుపులు ఊడదీసి పరిచారు. ఆ ముగ్గురూ ఇవతలికి వచ్చి ఆమెని ఎత్తుకుని దాటించారు. కాళ్ల కింద నేల పాలమీగడలా అలలు వేసింది. నేను ఆఖరున దాటాను. దాటాక వెనక్కి చూస్తే నమదాలు లేవు.

హొర్లో బండి దగ్గరే నిలబడిపోయింది. "ఎద్దుని వదిలి రాలేను. వచ్చిన దారినే పోతాను, మీ వేళ్ల గుర్తులున్నాయిగా!" అని అరిచింది. నీళ్లలో వేళ్ల గుర్తులేమిటి? చెయ్యి ఊపాను.

ఒడ్డున ఎవరిదో జీపు. జీపులో ఆమెకి మూర్ఛ వచ్చింది. ఎంతసేపో తెలీదు. నేను లెక్క పెట్టలేదు.

సెప్టెంబరు 12, మళ్లీ

తలుపు మూసే ఉంది.

సెప్టెంబరు 13

ఆపరేషన్ చేశారు. లోపలికి రానివ్వడం లేదు.

సెప్టెంబరు 14

సొలొంగో కళ్లు తెరిచింది. మొదట నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత పట్టింది, పట్టగానే ఏడవడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, నా అంగీ జేబులో చూడండి."

చూశాను. చౌడుగడ్డ. ఒక పక్క నాకి నాకి నున్నగా అయింది.

"ఉండలేకపోయేదాన్ని అత్తయ్యా. గొర్రెలు నాకుతుంటే నోరూరేది. మీరు ఉప్పుకి తాళం వేసి, నా కోసం చప్పటి మాంసం తిన్నారు. నేను మీ వెనక దొంగతనంగా ఇది... నా వల్లే ఇదంతా. రెండేళ్ల కిందట కూడా నా వల్లేనేమో."

గడ్డ నా చేతిలో ఉంది. నేను ఏమీ అనకపోతే చాలు. ఆమె ఎప్పటికీ అలాగే నమ్ముతుంది. గొంబో అలాగే నమ్ముతాడు. నేను ఏ లెక్కా తప్పని మనిషిగానే మిగులుతాను.

మంచం అంచున కూర్చున్నాను. "టీలో చౌడు నేనే వేశాను," అన్నాను. "రోజూ. డాక్టరు ఉప్పు వద్దన్నాక కూడా. నీ గడ్డ నువ్వు నాకడానికి ముందు నుంచీ."

నా వైపే చూసింది. ముక్కు తుడుచుకుంది. "టీ బాగానే ఉండేది," అంది.

దుల్మా డాక్టరుకి ఇద్దరం కలిసి చెప్పాం. ఆమె విని, ఈ జబ్బు దానంతట అది వస్తుంది, ఎందుకొస్తుందో మాకే పూర్తిగా తెలీదు, చౌడు మంచిది కాదు కానీ ఇదంతా దాని వల్లనే అనను, ప్రతి వారం తీసుకొచ్చి ఉంటే ముందే పట్టుకునేవాళ్లం అంది. ప్రతి వారం. ఆ మాట సొలొంగో వినలేదనుకుంటాను. నేను విన్నాను.

సాయంత్రం ఆమె ముంగాలు వేలితో నొక్కాను. గుంట పడింది. చూస్తూ కూర్చున్నాను. లేచింది. నిదానంగానే, కానీ లేచింది.

సెప్టెంబరు 16

హొర్లో ఫోను చేసింది. ఎద్దుతో సహా క్షేమంగా దాటింది. మందలో ఒక్కటీ పోలేదు, నాలుగు వందల పన్నెండూ ఉన్నాయి.

"అక్కడ ఏమైనా విశేషమా టీచరమ్మా?" అని గొంతు మార్చి అడిగింది.

"ఏమీ లేదు. ఎవరూ రాలేదు," అన్నాను, పైకప్పు కేసి చూస్తూ, కాస్త గట్టిగా.

అవతల ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "అయిదుకి అయిదు వేశాను," అంది.

ఆసుపత్రిలో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు. గాజు పెట్టెలో ఒక కోతిపిల్ల లాంటిది ఉంది, ముడతలూ అదీ, చూడ్డానికేమీ లేదు. ఎవరిదో తెలీదు. నర్సు దాని తూకం చెప్పబోతే వద్దన్నాను. పుస్తకంలో పేరు రాయాలంటే ఎనెబిష్ అని రాయించాను, 'ఇది కాదు' అని. పొయ్యి మసి అడిగి తెచ్చుకుని దాని నుదుట వేలితో అద్దాను. సొలొంగో చూసి నవ్వింది.

మంద, నాలుగు వందల పన్నెండు. మనుషులు, మునుపు ఎంతమందిమో అంతమందిమే. ఎవరూ కలవలేదు.

ఆ లేనిది ఇప్పుడు పాల కోసం ఏడుస్తోంది. వెళ్లాలి.